అవతలి ఒడ్డు చాటింపు

ఏటికి రెండువైపులా ఉన్న పొన్నపేటలో ఏ కబురైనా ఓబులేసు డప్పు మీదనే తెలిసేది. పురాధికారి ఆజ్ఞ రెండు ఒడ్డుల్లోనూ చాటితేనే చెల్లుతుందని రాజుగారి కట్టడి. అవతలి ఒడ్డు చాటింపంటే ఓబులేసుకు ప్రాణం. అక్కడ చిలకమ్మ ఉంది. ఆమె ఆరేసిన పసుపుచీర గాలికి ఊగితే, ఇవతల అతని గుండె డప్పులా మోగేది.

ఒకనాడు పురాధికారి పిలిచి, "రేవు కేకలతో నా మధ్యాహ్నపు నిద్ర చెడుతోందిరా. నీ చాటింపు పూర్తికాగానే ఏరు దాటించే పడవ ఆగిపోవాలి. ఎవరి కోసమూ కదలకూడదు!" అన్నాడు.

ఇక ఆ చీరను దూరంనుంచి చూస్తూ బతకాల్సిందేనా అనుకున్నాడు ఓబులేసు. ఇవతలి వీధులన్నీ చాటి, దివాణానికి తిరిగొచ్చాడు.

"అవతలికి పోతున్నా దొరా, సెలవిప్పించండి. అక్కడ చాటగానే పడవ ఆగుతుంది. ఇక తిరిగిరాలేను."

"పోతే పో! ఇక్కడ ఇంకొకణ్ణి పెట్టుకుంటాను."

"పెట్టుకోండి దొరా. కానీ తమరి కొత్త ఆజ్ఞ ఏరు దాటి నాదాకా ఎలా వస్తుంది? అవతల చాటనిది చెల్లదు గదా. రేపటినుంచి తమరి మాట ఒక్కటీ చెల్లదు."

పురాధికారి మీసం దువ్వుకున్నాడు. "పడవను నడవనియ్యరా," అని గొణిగాడు.

మర్నాడు పొద్దున్నే ఓబులేసు అవతలి రేవులో దిగి డప్పు కొట్టాడు. "పడవ ఎప్పటిలాగే నడుస్తుందహో!"

చీర ఆరేస్తున్న చిలకమ్మ నవ్వింది. "ఎప్పటిలాగే నడిచేదానికి చాటింపెందుకయ్యా?"

దొరకు తడుముకోకుండా బదులిచ్చినవాడు, ఇక్కడ డప్పుపుల్లతో ఆ పసుపుచీరను చూపించి, తల దించుకున్నాడు.