సన్నెమ్మ చదివిన వర్జ్యం

పార్వతీపురం దగ్గర మూర్ఛరోగులకు వైద్యం చేసే పేరిందేవమ్మగారు శిష్యుల రాతను మెచ్చుకోవడం గానీ తప్పుపట్టడం గానీ మేమెన్నడూ వినలేదు. ఎవరైనా ఏదైనా రాసి తెస్తే, దాన్ని మడిచి చేతిసంచిలో పెట్టుకుని ఊళ్లోకి నడిచేవారు. మేము వెంట వెళ్లేవాళ్లం.

నా తోటి శిష్యుడు నిరంజన్ ఫిట్స్ గురించి ఒక కరపత్రం రాసి, ఆదివారం సంతలో పంచడానికి కట్టలుకట్టలుగా అచ్చు వేయించాడు. అమ్మగారు అందులోంచి ఒకటి తీసి సంచిలో పెట్టుకోబోతే అతనికి కష్టం తోచింది.

"అమ్మా, ఇందులో ఒక్క తప్పు లేదు. తెలుగులోనే రాశాను. ఇంకా పరీక్ష దేనికి?" అన్నాడు.

ఆమె మమ్మల్ని సన్నెమ్మ ఇంటికి తీసుకువెళ్లారు. సన్నెమ్మ కూతురు నూకరత్నం పదో తరగతి చదువుతోంది. ఆ పిల్లకు చిన్నప్పటి నుంచీ ఫిట్స్. సన్నెమ్మ ఏడో తరగతి దాకా చదువుకుంది. కరపత్రం అందుకుని, ఎక్కడా తడబడకుండా పైనుంచి కిందదాకా పైకి చదివింది.

"అర్థమైందా అమ్మా?" అని నిరంజన్ అడిగాడు.

"అర్థమైంది బాబూ. బాగా రాసినారు."

నిరంజన్ గురువుగారి వైపు చూశాడు. ఆమె సన్నెమ్మ పక్కన అరుగు మీద కూర్చుని, "రేపు రత్నానికి ఫిట్స్ వస్తే ఏం చేస్తావు?" అన్నారు.

"ముందు కేలండర్ సూస్తానమ్మా."

"కేలండర్ ఎందుకు?"

"వర్జ్యముందో లేదోనని. ఆ టైములో ఇయ్యి పనికిరావని ఇక్కడ రాసినారు గదా." సన్నెమ్మ వేలు పెట్టి చూపింది. 'మూర్ఛ కలుగు సమయమున వర్జ్యములు' అన్న శీర్షిక అది. "వర్జ్యం లేకపోతే తాళాలు సేతిలో పెడతాను, నోట్లో నీళ్లు పోస్తాను. బొమ్మల మీద ఎర్ర గుర్తు కూడా ఉంది, ఆస్పత్రి గుర్తు."

అవి చేయకూడని పనుల బొమ్మలు. ఆ ఎర్ర గుర్తు నిరంజన్ వేయించిన ఇంటూ గుర్తు.

ఇంతలో రత్నం వచ్చి తల్లి చేతిలోని కాగితం అందుకుంది. కళ్లు తేలేసి, నోట నురగతో పడివున్న మనిషి బొమ్మ దగ్గర ఆ పిల్ల చూపు ఆగిపోయింది. "తెలివి తప్పితే నేనిలాగుంటానా?" అంది నిరంజన్‌తో. "దీన్ని గోడకి అంటించకే అమ్మా" అని రత్నం కాగితాన్ని బోర్లించి పెట్టింది. అలా అంటున్నప్పుడు ఆమె ముందుపన్ను సగం విరిగి ఉండటం మాకు కనిపించింది. ఒకసారి ఫిట్స్ వచ్చినప్పుడు ఎవరో నోట్లో గరిటె దూర్చారట.

తిరిగి వస్తుంటే నిరంజన్ మెల్లగా, "అచ్చు అయిపోయింది కదమ్మా. పంచేటప్పుడు నోటితో వివరిస్తే సరిపోదా?" అన్నాడు.

"కాగితం వెళ్లిన ప్రతి ఇంటికీ నువ్వు కూడా వెళ్తావా?"

ఆ ఆదివారం సంతలో కరపత్రాలు పంచలేదు. కట్టలన్నీ చించి, నిరంజన్ మళ్లీ మొదలుపెట్టాడు. చేయకూడని పనుల బొమ్మలు తీసేశాడు. 'నోట్లో ఏమీ పెట్టకండి, నీళ్లు కూడా పొయ్యకండి' అని పెద్ద అక్షరాలతో రాశాడు. 'పక్కకు తిప్పండి' అన్నదాన్ని ఒకామె మనిషిని పక్కకు లాగెయ్యమన్నట్టుగా అర్థం చేసుకుంది. దాన్ని కొట్టేసి, సన్నెమ్మ వాడే మాటతో 'ఒత్తిగిలబెట్టండి' అని మార్చాడు. నురగ కక్కే మనిషి స్థానంలో, తల కింద చీరమడతతో పక్కకు తిరిగి పడుకున్న అమ్మాయిని గీయించి ముందుగా రత్నానికే చూపించాడు. ఆ పిల్ల కాసేపు చూసి, "జడ వెయ్యండి సార్, నాకు జడుంది కదా" అంది. జడ వేయించి, ఒక నమూనా కాగితం వాళ్లింటి గోడకి అంటించాడు. ఎవరికి చూపినా "అర్థమైందా?" అని అడగడం మానేసి, "ఏం చేస్తారో చెప్పండి" అనేవాడు. తప్పు చెబితే విసుక్కోకుండా మళ్లీ రాసేవాడు.

వానలు పడ్డాక ఒకరోజు సన్నెమ్మ ఊడుపుకు వెళ్లివుండగా రత్నానికి ఫిట్స్ వచ్చింది. అక్షరం రాని పక్కింటి ముసలామె, గోడ మీది బొమ్మలో ఉన్నట్టే పిల్లను ఒత్తిగిలబెట్టి, తల కింద చీర మడిచి పెట్టి, నోటి దగ్గరికి ఎవరినీ రానివ్వకుండా కూర్చుంది. సన్నెమ్మ పరుగున వచ్చేసరికి రత్నం కళ్లు తెరిచి మంచినీళ్లు అడుగుతోంది.

ఆ కబురు మోసుకొచ్చిన నిరంజన్ ముఖం వెలిగిపోతోంది. "ఇప్పుడు అచ్చుకు ఇచ్చెయ్యొచ్చా అమ్మా?" అన్నాడు.

పేరిందేవమ్మగారు కరపత్రాన్ని మడిచి చేతిసంచిలో పెట్టుకున్నారు.

"ఏరు దాటితే అన్నీ సవరల ఊళ్లు. వాళ్ల భాషలో మూర్ఛను ఏమంటారు నాయనా?" అన్నారు.