ఏడు పొదల దారి

మొర్రికోన అడవిలో ఉడుతలు, కుందేళ్లు, నెమళ్లు, అడవిదున్నలు ఉండేవి. ఆ అడవి అంచున ఒక పాత మద్దిచెట్టు ఉంది. దాని కింది తొర్రలో ముత్తెమ్మ అనే ఉడుత తన కొడుకు చిగురుతో ఉండేది. పై తొర్రలో బుచ్చన్న అనే ఉడుత, అతని భార్య, కూతురు గోరింత ఉండేవారు.

అడవి దాటితే పెద్ద బయలు. అక్కడ ఒక్క చెట్టు కూడా లేదు. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఏడంటే ఏడు రేగుపొదలు ఉన్నాయి. బయలు అవతల కొండ. ఆ కొండ దగ్గర నీళ్లు దూకే చోట జారుబండ ఉంది.

జారుబండను కోతులు నడిపేవి. నాచు పట్టిన నున్నటి రాతి మీద పిల్లలు సర్రున జారి నీళ్లలో పడొచ్చు. తీగల ఊయల ఎక్కొచ్చు. మోదుగాకు పడవలో కూర్చుని సుడి చుట్టూ గిరగిరా తిరగొచ్చు. వానలు వెలిశాక పది రోజులే ఆ ఆటలు. తర్వాత నీళ్లు తగ్గిపోతాయి.

"అందరూ జారుబండకు వెళ్లారమ్మా. నేనొక్కడినే వెళ్లలేదు," అని చిగురు ఏడ్చాడు.

"అందరూ అంటే ఎవరెవరు?" అని ముత్తెమ్మ అడిగింది.

చిగురు ఆలోచించాడు. "ఇద్దరు కుందేళ్లు."

ముత్తెమ్మ నవ్వలేదు. "సరే, వెళ్దాం. కానీ నేను చెప్పినట్టు వెళ్దాం. నేను లే అన్నప్పుడు లేవాలి. ఒప్పుకుంటేనే."

చిగురు ఒప్పుకున్నాడు. ఆ క్షణంలో వాడు దేనికైనా ఒప్పుకునేవాడే.

నెమలికి రెక్కలున్నాయి. కుందేలుకు పొడవాటి కాళ్లున్నాయి. బయట చెట్టు లేని చోట ఉడుతకు ఉన్నది పొదకూ పొదకూ మధ్య పరుగు ఒక్కటే. కడుపు నిండిన పిల్ల ఉడుత ఆ దూరాన్ని ఒక్క ఊపులో పరుగెత్తుతుంది. ఆకలితో ఉన్న పిల్ల సగంలో ఆగిపోతుంది. బయలు మీద సగంలో ఆగిన ఉడుతలు ఇంటికి రావడం ఎవరూ చూడలేదు.

అందుకని ముత్తెమ్మ నాలుగు రోజులు అడవి అంచున కూర్చుని ఆకాశం చూసింది. ఎండ ముదరగానే డేగ పైకి లేచి తిరుగుతోంది. ఎండ వాలగానే కొండవాలులోని ఎండుచెట్టు మీదికి దిగుతోంది. పొద్దుగుంకగానే రాళ్ల సందుల్లోంచి గూబ లేస్తోంది. డేగ దిగడానికీ గూబ లేవడానికీ మధ్య కొంచెం సేపు ఆకాశం ఖాళీగా ఉంటోంది.

"తిరిగి రావలసింది ఆ కొంచెం సేపులోనే," అనుకుంది ముత్తెమ్మ.

తర్వాత ఆమె సవారీ సంగతి కనుక్కోవడానికి వెళ్లింది. దున్నల మంద రోజూ తెల్లవారగానే జారుబండ దగ్గరికి నీళ్లకు పోతుంది. దున్న వీపు మీద కూర్చున్నవాళ్ల జోలికి డేగ రాదు. వీపు మీద చోటిచ్చి గురిగింజలు వసూలు చేసేది గోరువంకలు. తినడానికి పనికిరాని ఆ గింజలే అడవిలో రొక్కం.

"వెళ్లడానికి మనిషికి పది గింజలమ్మా," అంది గోరువంక. ఉడుతను మనిషి అనడం దానికి అలవాటు.

"తిరిగి రావడానికి?"

"అది మా చేతిలో లేదు. సాయంత్రం దున్నలకు ఎటు బుద్ధి పుడితే అటు పోతాయి. ఒకనాడు ఇటు వస్తాయి. ఒకనాడు కొండ వెనక బురదగుంటలో పడుకుంటాయి."

"ఎటు పోతాయో ముందే అడగకూడదా?"

"దున్ననా? అడిగి చూడు," అని గోరువంక కిచకిచలాడింది.

ముత్తెమ్మ నడిచే వెళ్లాలని నిర్ణయించుకుంది. సవారీకి పోకుండా మిగిలిన గింజలతో సారపప్పు కొని, మూడు తెల్లవారుజాముల్లో నోట కరచుకుపోయి మూడో పొద కింద, ఐదో పొద కింద, ఏడో పొద కింద పాతిపెట్టింది. దాచడం ఉడుతలకు పుట్టుకతో వస్తుంది. దాచిన చోటు మరచిపోవడం కూడా పుట్టుకతోనే వస్తుంది. అందుకే ఆమె దాచిన ప్రతి చోటా ఒక ఎర్రరాయి పెట్టింది.

ఆమె అటూ ఇటూ తిరగడం బుచ్చన్న కొమ్మ మీంచి చూశాడు. బుచ్చన్న తోక ఆ అడవిలోకెల్లా పెద్దది. మాట్లాడేటప్పుడు దాన్ని ముందుకు వేసుకుని నిమురుకుంటూ మాట్లాడేవాడు.

"ఏం చెల్లెమ్మా, విహారానికి వెళ్తున్నావా, యుద్ధానికా?"

"రేపు పిల్లాణ్ణి జారుబండకు తీసుకెళ్తున్నా అన్నా."

"మేమూ రేపే. దున్న మీద! మా గోరింత కాలు నేల మీద పెట్టనివ్వను."

"తిరిగొచ్చేదెలా?"

"ముందు వెళ్లనీ తల్లీ! వచ్చే సంగతి వచ్చేటప్పుడు చూసుకుందాం. నువ్వు వేడుకలోనూ లెక్కలు చూస్తావు."

"దున్నలు సాయంత్రం ఇటు వస్తాయన్న నమ్మకం లేదన్నా. గోరువంకే చెప్పింది."

"గింజలు ఇచ్చేవాడికి దారి దొరుకుతుంది," అని బుచ్చన్న తోక నిమురుకున్నాడు.

మర్నాడు చీకటి విడుతూ ఉండగానే ముత్తెమ్మ, చిగురు బయలుదేరారు. పొద దాకా పరుగు. పొద కింద ఊపిరి తీసుకోవడం. మళ్లీ పరుగు. నాలుగో పొద దగ్గర ఉండగా దున్నల మంద నేల అదిరేలా పక్కనుంచి సాగిపోయింది.

"నడిచే వస్తున్నావా చెల్లెమ్మా! జాగ్రత్త, కాళ్లు అరుగుతాయి!" అని బుచ్చన్న పైనుంచి అరిచాడు. గోరింత చిగురుకు చెయ్యి ఊపింది. చిగురు మొహం తిప్పుకున్నాడు.

ఏడో పొద దగ్గర ముత్తెమ్మ దాచిన వాటిలో సగం తవ్వి తీసింది. ఇద్దరూ కడుపు నిండా తిన్నారు.

"మిగిలినవి లోపలికి తీసుకెళ్దామమ్మా," అన్నాడు చిగురు.

"వద్దు."

ఎందుకు వద్దందో గేటు దగ్గర తెలిసింది. అక్కడ ఒక ముసలి కోతి అందరి నోళ్లూ తెరిపించి చూస్తోంది. బయటి తిండి లోపలికి తేకూడదట. బుచ్చన్న నోట్లోంచి, గోరింత నోట్లోంచి దారికని తెచ్చుకున్న సారపప్పంతా తీసి ఒక బుట్టలో వేసుకుంది. లోపల అదే పప్పును మూడింతలకు అమ్ముతున్నారు.

ఇంకో కోతి వెదురుపుల్లతో పిల్లల్ని కొలుస్తోంది. గీత కంటే పొట్టివాళ్లకు సగం గింజలే. అది చిగురు తోకను పైకి లాగి పట్టుకుని, "గీత దాటాడు. పూర్తి గింజలు," అంది.

"తోకతో కొలిస్తే నువ్వు ఈ కొండంత ఉంటావు. తల దాకా కొలువు," అంది ముత్తెమ్మ.

వెనక వరుసలోని కుందేళ్లు నవ్వాయి. కోతి తోక వదిలేసింది.

బుచ్చన్న కొలవనివ్వలేదు. "మాకు అన్ని ఆటలూ కలిపి ఇచ్చెయ్!" అని గింజల మూట మొత్తం గుమ్మరించాడు. కోతి తండ్రీకూతుళ్ల నుదుటి మీద ఎర్రమట్టి బొట్టు పెట్టింది. ఆ బొట్టు ఉంటే దేనికీ అడ్డులేదు.

చిగురు జారుబండ మీద మూడుసార్లు జారాడు. తర్వాత ముత్తెమ్మ వాణ్ణి పిల్లకాలువలో ఆడుకోమంది. అక్కడ ఆటకు ఏమీ ఇవ్వక్కర్లేదు. ఆకు పడవ ఎక్కుతానని వాడు ఏడ్చాడు. ఆమె వద్దంది. వాడు ఇంకా ఏడ్చాడు. ఆమె వద్దనే అంది. కాసేపటికి వాడు ఒక కప్పతో నీళ్లు చల్లుకుంటూ పడవ సంగతి మరచిపోయాడు.

గోరింత పొద్దున అంతా కేరింతలు కొట్టింది. మధ్యాహ్నానికి ఆకు పడవలో రెండోసారి తిరిగి వాంతి చేసుకుంది.

"నాన్నా, ఇంటికి పోదాం."

"ఇంకా తీగ ఊయల ఉంది, పెద్ద జారుడు ఉంది. గింజలన్నీ ముందే ఇచ్చేశాం. ఎక్కకపోతే కోతులకు దండగ పెట్టినట్టే కదా."

"నాకు ఆకలేస్తోంది."

బుచ్చన్న మూట దులిపి చూశాడు. మడతల్లో పన్నెండు గింజలు మిగిలాయి. వాటితో లోపల నాలుగు పలుకుల పప్పు వస్తుంది. పక్కనే ఒక కోతి నెమలి ఈకలు అమ్ముతోంది. జారుబండకు వచ్చిన గుర్తు ఉండాలి కదా అనుకున్నాడు. అవి పోసి ఈక కొన్నాడు. అది గోరింతకు రెండింతల పొడవు ఉంది.

ఎండ వాలింది. ముత్తెమ్మ కొండవాలు వైపే చూస్తోంది. డేగ ఎండుచెట్టు మీదికి దిగింది.

"లే."

"ఇంకొక్కసారి అమ్మా! ఒక్కసారి!" చిగురు నీళ్లలోంచి కదలలేదు. ముత్తెమ్మ రెండోసారి చెప్పలేదు. మెడ పట్టుకుని బయటికి లాగింది. వాడి ఏడుపుకు చుట్టుపక్కల వాళ్లంతా తిరిగి చూశారు. చూడనీ అనుకుంది.

గేటు దగ్గర బుచ్చన్న కనిపించాడు.

"అన్నా, ఇప్పుడే రండి. నలుగురం కలిసి పోదాం. దున్నలు బురదగుంట వైపు తిరిగాయి, నేను చూశాను."

"ఇప్పుడా? ఇంకా రెండు ఆటలు మిగిలాయి చెల్లెమ్మా. వీటన్నిటికీ గింజలు పొయ్యలేదూ నేను?"

వాదించుకునేంత వ్యవధి ఆకాశం ఇవ్వదు. ముత్తెమ్మ వంగి గోరింత చెవిలో చెప్పింది. "ఏడో పొద, ఐదో పొద, మూడో పొద. ఎర్రరాయి ఉంటుంది. దాని కింద మీ ఇద్దరికీ పప్పు ఉంచి వెళ్తాను. మరచిపోకు."

"మరచిపోను అత్తా," అంది గోరింత.

ముత్తెమ్మ, చిగురు పొద పొద దగ్గరా ఆగి, ఎర్రరాయి ఉన్నచోట కొంచెం తిని, కొంచెం ఉంచి, పరుగెత్తారు. వాడి ఏడుపు ఆరో పొద దగ్గర ఆగింది. చివరి పొద దాటేసరికి సూర్యుడు కొండ అంచున ఉన్నాడు. తొర్ర చేరుతూనే చిగురు పడి నిద్రపోయాడు. ముత్తెమ్మ తొర్ర అంచున కూర్చుని బయలు వైపు చూస్తూ ఉండిపోయింది.

బుచ్చన్న ఆటలన్నీ పూర్తి చేయించాడు. బయటికి వచ్చేసరికి సూర్యుడు లేడు, వెలుగు మాత్రం ఉంది. దున్నలూ లేవు.

"పర్వాలేదు. నాలుగు అంగల్లో పోతాం," అన్నాడు.

ఏడో పొద దాకా బాగానే పరుగెత్తారు. ఐదో పొద చేరేసరికి గోరింత ఒక పక్కకు ఒరిగి పడుకుంది. పొద మొదట్లో ఎర్రరాయి ఉంది.

"నాన్నా, దాని కింద పప్పు ఉంది. అత్త మనకోసం ఉంచింది. ఒక్కటి తింటాను."

బుచ్చన్న తోక జలదరించింది. "బుచ్చన్న కూతురు పక్కింటివాళ్లు పెట్టింది ఏరుకు తిందని రేపు అడవంతా చెప్పుకోవాలా? మన తొర్ర నిండా ఉంది. ఇంటికి వెళ్లి తిందువుగాని, లే."

గోరింత లేచింది. "మరి ఈక వదిలేస్తాను. బరువుగా ఉంది."

"పన్నెండు గింజలు పోసి కొన్నాను దాన్ని. గట్టిగా పట్టుకో. నా వెనకే రా."

బుచ్చన్న పరుగెత్తాడు. వెనక ఈక నేల మీద రాసుకుంటున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. మసక వెలుతురులో ఆ ఈక కన్ను దూరం దాకా మెరుస్తోంది. సగం దూరంలో ఆ చప్పుడు నెమ్మదించింది. తర్వాత ఆగింది.

నాలుగో పొద కింద దూరి బుచ్చన్న వెనక్కి తిరిగి చూశాడు. గూబ రెక్కలకు చప్పుడు ఉండదు. బయలు మీద ఈక ఒక్కటే పడి ఉంది.

తెల్లవారాక అతను మద్దిచెట్టు దగ్గరికి వచ్చాడు. నోట్లో ఈక ఉంది. నుదుటి మీద ఎర్రబొట్టు ఇంకా చెరగలేదు. గోరింత తల్లి కొమ్మల మీంచి దూకుతూ దిగి వచ్చింది. అతని వెనక చూసింది. అతని వెనక ఇంకా దూరం చూసింది.

"పిల్లేది?"

బుచ్చన్న ఈకను ఆమె ముందు పెట్టాడు. అది ఎక్కడా చిరగలేదు, ఒక్క పోగు కూడా ఊడలేదు.

ఆమె దాన్ని ముట్టుకోలేదు. మరుసటి వానలకు అది చెట్టు మొదట్లోనే కుళ్లిపోయింది. ముత్తెమ్మ పరామర్శకు పైకి వెళ్లింది. అనవలసినవన్నీ ముందే చెప్పింది. చెప్పినందువల్ల ఇప్పుడు ఏ ఉపయోగమూ లేదు.

మరుసటి ఏడు జారుబండ తెరిచే ముందు పిల్లలున్న తల్లులందరూ ముత్తెమ్మ తొర్ర దగ్గరికి వచ్చారు. ఎలా వెళ్లాలో చెప్పమన్నారు. ఆమె వాళ్లచేత ముందు తిరుగు దారి అప్పజెప్పించింది. వెళ్లే దారి తర్వాత చెప్పింది. ఆ ఏడు పదిహేడు మంది పిల్లలు వెళ్లారు. పదిహేడు మందీ తిరిగి వచ్చారు. చిగురు పెద్దవాడై వాళ్లకు ముందు నడిచాడు.

బుచ్చన్న మళ్లీ జారుబండకు వెళ్లలేదు. కానీ ఏటా వానలు వెలవగానే తెల్లవారుజామున సారపప్పు కరచుకుని బయలులోకి పోతాడు. ఏడు పొదల కిందా దాచి, ఎర్రరాళ్లు పెట్టి వస్తాడు. దారిన పోయే పిల్లలు ఎవరి పిల్లలైనా తవ్వుకుని తింటారు. ఐదో పొద కింద మాత్రం రెండు రాళ్లు ఉంటాయి.

నీతి: పిల్లతో బయలుదేరేవాళ్లు తిరిగొచ్చే దారినీ, ఆ దారిలో తిండినీ ముందు చూసుకోవాలి; ఇచ్చినదంతా రాబట్టుకోవాలని ఆగినవాళ్లు ఎంత ఇచ్చినా తిరిగి రానిదాన్ని పోగొట్టుకుంటారు.