గడియ గిన్నె బెజ్జం

అనగనగా, మన తాతల తాతలు కూడా విని చెప్పిన కాలంలో, కొండరాళ్ల మధ్య ఒక కోట ఉండేది. దాని రాజు దృఢవర్మ. ఆయనకు నడక అంటే ప్రాణం. రోజూ తెల్లవారగానే కోటగోడ చుట్టూ ఒక చుట్టు నడిచి వచ్చేవాడు. నడిస్తే ఆకలి వేసింది, నిద్ర పట్టింది, పొట్ట తగ్గింది. తనకు మంచిదైంది కాబట్టి అందరికీ మంచిదే అనుకున్నాడు. రాజులు అలాగే అనుకుంటారు.

వెంటనే చాటింపు వేయించాడు. పదహారేళ్లు నిండిన ప్రతివాళ్లూ పొద్దున్నే కోట చుట్టూ ఒక చుట్టు తిరిగి రావాలి. తూర్పు వాకిట రాతి తొట్టిలో గడియ గిన్నె తేలుతూ ఉంటుంది. అడుగున సన్నని బెజ్జం ఉన్న రాగి గిన్నె అది. నీళ్లు కొంచెం కొంచెంగా లోపలికి ఎక్కి, గడియ కాగానే మునిగిపోతుంది. మునగగానే జేగంట మోగుతుంది. గంట మోగేలోపు వాకిలి దాటనివాళ్లు సోమరులు. మూడుసార్లు సోమరి అనిపించుకుంటే ఏరు దాటించి అవతలి ఒడ్డున వదిలేస్తారు.

అవతలి ఒడ్డున ఉండేవి ముళ్లపొదలు, చిరుతపులులు.

మొదటి ఏడు ఎవరూ ఏరు దాటలేదు. రెండో ఏడు ఇద్దరు దాటారు. మూడో ఏడు సగం గడవకముందే తొమ్మిది మంది. జనం బద్ధకస్తులైపోతున్నారని రాజవైద్యుడు తేల్చాడు. ఆ పదకొండు మందిలో ఎనిమిది మంది ఆడవాళ్లు. బావి నుంచి బిందెలు మోసి, తిరగలి తిప్పి, బట్టల మూటలు రేవుకు చేర్చి, ఆ తరవాత నడకకు వచ్చేవాళ్లు. బిందె మోస్తూ నడిచింది నడక కాదట. చేతులు ఊపుకుంటూ నడిచిందే నడకట.

సాయంత్రం పూట కంచరి చెన్నాంబ తన పెరటి గోడ పట్టుకుని నిలబడి ఏటి అవతలికి చూసేది. పొదల మధ్య నుంచి పొయ్యి పొగలు లేచేవి. మొదట ఏడు లేచేవి. తరవాత ఆరు. ఈ వారం నాలుగే. ఆ నాలుగింటిలో ఒకటి చాకలి గంగులమ్మదే అయి ఉంటుందని చెన్నాంబ తనకు తాను చెప్పుకునేది. గంగులమ్మ కాళ్లు వాచి ఉండేవి. ఏరు దాటించిన రోజున ఆమె వెనక్కి తిరిగి చూస్తుంటే ఎవరూ పలకలేదు. చెన్నాంబ కూడా పలకలేదు.

మొగుడు పోయాక కొలిమిని చెన్నాంబే నడుపుకుంటోంది. ఈ వేసవిలో, రాజుగారి స్నానానికని చేసిన గంగాళం దొర్లి ఆమె కుడి మోకాలి మీద పడింది. ఎముక అతుక్కుంది కానీ వంకరగా అతుక్కుంది. కట్టు విప్పిన మర్నాడే బంటు వచ్చి, నడకకు రమ్మన్నాడు.

మొదటి రోజు ఆమె ఉత్తరపు బురుజు దగ్గరికి చేరేసరికే గంట మోగింది.

ఆ మధ్యాహ్నం కర్ర ఊతంతో రాజవైద్యుడి ఇంటికి వెళ్లింది. ఆడవాళ్లను ఆయన తెర వెనక కూర్చోబెట్టి నాడి మాత్రమే చూసేవాడు. మణికట్టు పట్టుకుని, నడవకపోవడం వల్లే కాలు నొప్పి అన్నాడు. కాలు నొప్పి వల్లే నడవలేకపోతున్నానని ఆమె చెప్పింది. అదే బద్ధకం లక్షణమని ఆయన నవ్వాడు. మనసు పెడితే మోకాలు అదే వంగుతుందన్నాడు. ఆమె చాలాసేపు మనసు పెట్టింది. మోకాలు వంగలేదు.

రెండో రోజు పళ్లు బిగించి నడిచింది. గోడ రాళ్లు పట్టుకుని, కొంతదూరం పాకి, వాకిలి చేరేసరికి గంట మోగి చాలాసేపయింది. అందరూ వెళ్లిపోయారు. చెమటలు కారుతుంటే తొట్టి పక్కన కూలబడింది. ఇంకొక్కసారి తప్పితే తన పొయ్యి కూడా ఆ ముళ్లపొదల్లోనే.

అప్పుడే కాపలా బంటు గిన్నెను నీళ్లలోంచి తీసి, చింతపండూ ఇసుకా పెట్టి తోమడం మొదలుపెట్టాడు. గిన్నె తళతళలాడింది. ఆ తరవాత ఇనపమేకు తీసి బెజ్జంలో దూర్చి గిర్రున తిప్పాడు.

చెన్నాంబ కళ్లు ఆ మేకు మీదే నిలిచాయి. ఆ గిన్నె చేసింది తనే. బెజ్జంలో కుట్టుసూది తప్ప మరేదీ పట్టకుండా చేసింది. ఇప్పుడు మేకు పడుతోంది. అంటే గడియ కాకముందే గిన్నె మునుగుతోంది.

రోజూ ఇలాగే చేస్తావా అని మెల్లగా అడిగింది. మొదటి రోజు నుంచీ ఒక్క పూట కూడా తప్పలేదని, బెజ్జంలో నలుసు లేకుండా చూడమని రాజాజ్ఞ అని వాడు గర్వంగా చెప్పాడు. పాపం, వాడు సోమరి కాదు.

ఇంటికి వచ్చి పొరుగింటి ఎర్రక్కకు చెప్పింది. ఎర్రక్క తాళ్లు పేనే మనిషి, పిరికిది, మంచిది. ఆమె ముందు గడప దాకా వెళ్లి ఎవరైనా వింటున్నారేమో చూసి వచ్చింది.

"నోరు మూసుకో వదినా. రేపు పొద్దున్నే బెజ్జానికి కాస్త లక్క అంటించు. గిన్నె మునగదు, గంట మోగదు. నీ గండం గడుస్తుంది."

చెన్నాంబ లక్కముక్క తీసి వేళ్ల మధ్య నలిపింది. అది మెత్తబడింది. అంటిస్తే రేపు తాను బతుకుతుంది. కానీ ఏటి అవతలి వాళ్లు సోమరులుగానే చస్తారు. ఎల్లుండి బంటు మళ్లీ మేకు దూరుస్తాడు. పోనీ నిజం చెబితే, రెండుసార్లు సోమరి అనిపించుకున్న దాని మాట ఎవరు నమ్ముతారు? రాజాజ్ఞనే తప్పుపట్టిందని నాలుక కోయిస్తే? చివరికి లక్కను కొలిమి నిప్పుల్లో పడేసింది.

మూడో రోజు చెన్నాంబ అసలు నడవనే లేదు. వచ్చి తొట్టి గట్టు మీద కూర్చుంది. బంటు గిన్నెను నీళ్ల మీద వదిలాడు. జనం బయల్దేరారు. లేవమని వాడు అదిలించాడు. ఆమె లేవలేదు. గిన్నె కొంచెం కొంచెంగా కిందికి దిగుతుంటే తానే దిగుతున్నట్టనిపించింది.

గంట మోగే ముందు చివరి మలుపులో రాజు కనిపించాడు. పరుగెత్తుతున్నాడు. వాకిలి దాటాడో లేదో, గిన్నె మునిగింది. గంట మోగింది. వెనకాల ఇంకా ముప్పై మంది మిగిలిపోయారు.

బంటు చెన్నాంబ రెక్క పట్టుకున్నాడు. ఏటి పడవ సిద్ధంగా ఉంది. ఆమె రాజు వైపు తిరిగింది.

"మహారాజా, మొదటి ఏడు తమరు ఈ చుట్టు నడిచి వచ్చేవారు. ఇప్పుడు పరుగెడితే గానీ అందడం లేదు. తమ కాళ్లకు కూడా బద్ధకం పట్టిందా?"

రాజు ముఖం పాలిపోయింది. ఏడాదిగా ఆయన లోలోపల భయపడుతున్న సంగతి అదే. తాను ముసలివాణ్నయిపోతున్నానని, ఏదో ఒక రోజు గంట తనకంటే ముందు మోగుతుందని. ఆ మాట ఆయన ఎవరికీ చెప్పలేదు.

బెజ్జం సంగతి ఆమె చెప్పింది. ఆ గిన్నెతోపాటే తాను చేసిన జోడీ గిన్నె కోట కొట్టులో ఉంటుందని, దాన్ని ఎన్నడూ వాడలేదని చెప్పింది. తెప్పించారు. రెండు గిన్నెలనూ ఒకేసారి నీళ్ల మీద వదిలారు. పాతది మునిగి గంట మోగినప్పుడు కొత్తది ఇంకా తేలుతూనే ఉంది. వెనకబడిన ముప్పై మంది కళ్ల ముందే అది అలా చాలాసేపు తేలింది.

రాజవైద్యుడు గొంతు సవరించుకున్నాడు. తప్పు గిన్నెది కాబట్టి, ఇక మంచి గిన్నె పెట్టి చెన్నాంబను నడిపిద్దాం అన్నాడు. అప్పుడు ఆమె సోమరో కాదో తేలిపోతుంది. రాజు తల ఊపి, నడవమన్నాడు.

ఔనని బయల్దేరితే ఇంకాసేపు బతకొచ్చు. కానీ చెన్నాంబ అబద్ధమాడలేకపోయింది.

"ఈ గిన్నెతోనూ రాలేను మహారాజా. పది గిన్నెలు మునిగినా రాలేను." చీర కుచ్చెళ్లు మోకాలి పైకి లాగింది. వైద్యుడు ముఖం తిప్పుకున్నాడు. "నీళ్ల మీద పెట్టి చూస్తే గానీ గిన్నె మాట నమ్మలేదు. చెయ్యి పెట్టి చూస్తే గానీ నా మోకాలి మాట నమ్మరు. ఆయన్ని పట్టి చూడమనండి."

రాజు ఆజ్ఞాపించాడు. వైద్యుడు వంగి మోకాలు పట్టుకున్నాడు. వంచబోయాడు. లోపల ఎముక గరగరమంది. ఆమె అరుపు బురుజుల దాకా వినిపించింది. ఆయన చేతులు చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

"ఇది వంగదు ప్రభూ," అన్నాడు.

ఏరు దాటినవాళ్లలో ఎంతమంది కాళ్లు పట్టి చూశావని రాజు అడిగాడు. ఒక్కరివీ చూడలేదని వైద్యుడు ఒప్పుకున్నాడు.

ఆ పూటే పడవలు అవతలికి వెళ్లాయి. పదకొండు మందిలో నలుగురే తిరిగొచ్చారు. గంగులమ్మ రాలేదు. ఆ నలుగురూ రాజుకు దండం పెట్టలేదు. పెట్టమని ఎవరూ అనలేదు.

చాటింపు రద్దయింది. నడవగలిగినవాళ్లు నడిచారు. రాజు కూడా నడిచాడు, నిదానంగా. చెన్నాంబ మోకాలు బాగుపడలేదు. కథల్లో బాగుపడుతుంది, ఇక్కడ పడలేదు. పీట మీద కూర్చుని కొలిమి నడుపుకుంది.

కాబట్టి పిల్లలూ, పెద్దలూ, నడవలేని మనిషిని సోమరి అనే ముందు, మీరు కొలిచే గిన్నెను ఒకసారి, ఆ మనిషి మోకాలిని ఒకసారి చేత్తో పట్టి చూడండి.