రికార్డులో ఎదగని పాప

నివారణ వైద్యంలో ఏళ్లనాటి పాఠాలను తిరగరాసే పనిని ఆ వైద్య కళాశాల డాక్టర్ హిమజకు అప్పగించింది. ఆమె తన గురువు డాక్టర్ పైడయ్యను సూటిగానే అడిగింది. "విద్యార్థులు ఇళ్లకు వెళ్లి కుటుంబాల ఆరోగ్యం రాసుకొచ్చే పద్ధతి పాతబడింది సార్. అది తీసేసి, ఆ గంటల్లో కంప్యూటర్ మీద అంటువ్యాధుల లెక్కలు నేర్పవచ్చా?"

గురువుల గురించి శిష్యులు చెప్పే గొప్పలను నేను సగానికి తగ్గించి వింటాను. ఈ సంగతికి మాత్రం తొమ్మిది రికార్డు పుస్తకాల సాక్ష్యం ఉంది.

పైడయ్య గారు అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. బీరువాలోంచి, విద్యార్థులు ఏడాదికొకటి చొప్పున రాసిన తొమ్మిది రికార్డులు తీసి ఆమె ముందు పెట్టారు. అన్నీ జాలరిపేటలోని ఒకే ఇంటివి. తల్లి నూకరత్నం, కూతురు లోవకుమారి. మొదటి రికార్డులో పాప వయసు రెండేళ్లు. నిరుటి దానిలోనూ రెండేళ్లే. టీకాలన్నీ సక్రమం. పాత తాళపత్రాల్లో ఒక లేఖకుడు చేసిన పొరపాటును తర్వాతివాళ్లు భక్తిగా కాపాడుకు రావడం నేనెరుగుదును. వాళ్లకు మూలం అందుబాటులో లేదు. ఈ మూలం బస్సులో ఇరవై నిమిషాల దూరం.

రెండో రికార్డు, చదువుకునే రోజుల్లో హిమజ రాసిందే. ఆమె దాన్ని చదివి మూసింది.

"పాపను చూసొద్దాం రండి," అన్నారాయన. ఆమెనూ, ఆ ఏటి విద్యార్థులనూ వెంటబెట్టుకుని వెళ్లారు.

నూకరత్నం వాకిట్లో చేపలు ఎండబెడుతోంది. "రెండేళ్ల పిల్లా? దానికి పదకొండు నిండాయండి. మీ పుస్తకంలో ఇంకా పాలు తాగుతుందా? గుమ్మంలో ఫొటో దిగి పోయేవాళ్లకి పిల్ల పెరిగిందని ఎలా తెలుస్తుందిలెండి."

విద్యార్థులు నవ్వారు. పైడయ్య గారు నవ్వలేదు. "తొమ్మిదింటి కిందా సంతకం నాదేనమ్మా. చూడకుండా పెట్టాను," అన్నారు, అందరూ వింటుండగానే. రాజుల చరిత్రలు చాలా చదివాను. ఇంత చిన్న వాక్యం చెప్పగలిగినవాళ్లు వాటిలో నాకు ఎక్కువమంది కనబడలేదు.

హిమజ రికార్డు తెరవలేదు. చాప మీద లోవకుమారి పక్కన కూర్చుని, పదేళ్లకు బడిలో వేసే టీకా వేయించుకున్నావా అని అడిగింది.

"ఆ రోజు జొరమండి. మళ్లీ ఎవరూ పిలవలేదు."

అది డిఫ్తీరియాను అడ్డుకునే టీకా. నెల కిందటే పక్క పేటలో ఒక పిల్లవాడు ఆ జబ్బుతో ఊపిరాడక ఆసుపత్రి పాలయ్యాడు. హిమజ ఆ తర్వాత గంటసేపు ఇంట్లోవాళ్ల ఆరోగ్యం అడిగి తెలుసుకుంటూ ఆ ఇంట్లోంచి కదల్లేదు.

తిరుగు ప్రయాణంలో ఆమె మళ్లీ అడిగింది. "ఇంతకీ ఇళ్లకు వెళ్లే పాఠం ఉంచమంటారా సార్, తీసెయ్యమంటారా?"

"రేపు బుధవారం, టీకాల రోజు. ఆ పిల్లను తీసుకొచ్చాక అడగమ్మా," అన్నారు పైడయ్య గారు.