బిషప్ గారు చెప్పి వెళ్ళిన మాట

చిన్న ఫాదరు బాలశౌరికి ఆ వారమంతా తిండి సయించలేదు. తను వేసిన శిక్షను ఉంచనూ లేడు, తీసెయ్యనూ లేడు.

శిక్ష పడింది ఉపదేశి ఇన్నాసికి. ఫాదర్లు లేని పల్లెల్లో జపాలు చెప్పించడం, ఎవరికైనా ప్రాణం మీదికొస్తే పరుగున వచ్చి ఫాదరుని తీసుకెళ్ళడం ఉపదేశి పని. పోయేముందు గురువు వచ్చి నుదుట నూనె రాసి ప్రార్థన చెయ్యకపోతే అక్కడి విశ్వాసులకి అంతకంటే అన్యాయం లేదు. అలాంటిది, ఒక పల్లెలో చౌరప్ప అనే పెద్దాయన చావుబతుకుల్లో ఉన్నాడని కబురొచ్చిన రోజున ఇన్నాసి పెళ్ళివారింట్లో కల్లు తాగి ఒళ్ళు తెలియకుండా పడున్నాడు. చౌరప్ప నూనె లేకుండానే పోయాడు.

శౌరి మండిపడ్డాడు. సెమినరీ నుంచి కొత్తగా వచ్చినవాడు, రూలంటే రూలే. పాస్కా పండగ, అంటే ఈస్టర్ దాకా ప్రతి ఆదివారం పూజ జరిగినంతసేపూ ఇన్నాసి గుడి గడప బయట, వట్టి నాపబండ మీద, చేతులు శిలువలా చాపి మోకరించాలన్నాడు. ఇన్నాసి ఆ ఆదివారమే వచ్చి మోకరించాడు. తప్పు తనదేనని అతనికి తెలుసు. కాని ముసలి ప్రాణం. పల్నాడు ఎండ, అందులోనూ తూర్పు వాకిలి గుడి. చూస్తుండగానే మోకాళ్ళు పుళ్ళు పడ్డాయి. ఒక ఆదివారమైతే పూజ మధ్యలోనే పక్కకి ఒరిగిపోయాడు.

సరిగ్గా ఆ ఆదివారమే బిషప్ గారు వచ్చారు. అంతా చూశారు. వెళ్తూ వెళ్తూ కారెక్కబోయి, “మిటిగేట్ ఇట్, ఫాదర్” అన్నారు. అంతే, దుమ్ము రేపుకుంటూ కారు వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే చౌరప్ప కొడుకు జోజప్ప వచ్చాడు. పెద్దగా అరవలేదు, కేకలెయ్యలేదు. శిక్ష ఎత్తేస్తే మాత్రం తమ ఇంటి గడప నుంచి ఇంకెవరూ గుడి మెట్లెక్కరని చెప్పి వెళ్ళిపోయాడు. అతను అన్నంత పనీ చేసే మనిషే.

మర్నాడు మధ్యాహ్నం భోజనం దగ్గర శౌరి ఈ మాట పెద్ద ఫాదరు రాయప్ప గారి ముందు పెట్టాడు. పెట్టినవాడు ఊరుకోకుండా పాఠం మొదలుపెట్టాడు. చదువుకున్న మనిషికి కష్టమొస్తే ముందు గుర్తొచ్చేది చదువే కదా. మిటిగేట్ అంటే తీవ్రత తగ్గించడమట. లాటిన్ నుంచి వచ్చిందట. అక్కడ మీతిస్ అంటే మెత్తనిది, పండినది. బాగా మగ్గిన పండుని అలా అనేవాళ్ళు. గట్టి తిండిని ఉడికించి తినేలా చెయ్యడానికీ, బీడు భూమిని దున్ని గుల్లచెయ్యడానికీ రోమన్లు ఆ మాటే వాడారు. నొప్పి తగ్గించడం, కోపం చల్లార్చడం, శిక్ష సడలించడం అన్న అర్థాలు కూడా అందులోంచే పుట్టాయి. అక్కణ్ణించి ఇంగ్లీషులోకి వచ్చింది.

పెద్ద ఫాదరు శ్రద్ధగా విన్నారు. “బాగా చదివావు” అన్నారు.

“కాని ఎంత తగ్గించాలి గురువుగారూ? సగం ఆదివారాలు తీసేస్తే జోజప్ప ఊరుకోడు. తియ్యకపోతే ఇన్నాసి బతకడు.”

ఆయన వసారా వైపు చూశారు. అప్పటికే ఇన్నాసి వసారాలో తిండికి కూర్చుని ఉన్నాడు. పాస్కాకి ముందు ఉపవాసాలుండే తపస్సుకాలం కాబట్టి ఫాదర్లకైనా, ఉపదేశికైనా జొన్నరొట్టే. నిన్నటి రొట్టె, ఎండి పెంకులా ఉంది. నోట్లో పళ్ళు అంతంతమాత్రం. పాపం, ముసలాయన దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూస్తున్నాడే గాని కొరకలేకపోతున్నాడు. అడగడానికి మొహమాటం.

శౌరికి చూడబుద్ధి కాలేదు. అన్నం తెమ్మని వంటావిణ్ణి కేకెయ్యబోతే పెద్ద ఫాదరు చేత్తోనే వద్దని వారించారు. తనే లేచి వసారాలోకి వెళ్ళి ఆ రొట్టె తీసుకుని గిన్నెలోకి తుంచారు. మీద వేడివేడి ఉలవచారు పోసి మూతపెట్టారు. ఆ పక్కనే చతికిలబడి, ఈ ఏడు మిరప కాపు ఎలా ఉందని ఇన్నాసిని అడుగుతూ కూర్చున్నారు. కాసేపయ్యాక మూత తీసి గిన్నె అతని ముందుకి జరిపారు. ఇన్నాసి వేళ్ళు నాకుతూ అంతా తిన్నాడు.

“ఒక ముక్కయినా తీసేశానా?” అని పెద్ద ఫాదరు శౌరిని అడిగారు.

“లేదు గురువుగారూ.”

ఆయన చేతులు కడుక్కుని కునుకు తియ్యడానికి లోపలికి వెళ్ళిపోయారు. శౌరి ఆ ఖాళీ గిన్నె చేతిలోకి తీసుకుని చూశాడు.

ఆదివారం వచ్చింది. ఎవరు ఏమంటారో చూద్దామని గుడి నిండా జనం. పూజకి ముందు శౌరి ఒక గోనెసంచి తడిపి, నాలుగు మడతలు వేసి తెచ్చి, అందరూ చూస్తుండగా గడప బయట బండ మీద పరిచాడు. ఇన్నాసిని దానిమీద మోకరించమన్నాడు. చేతులు చాపక్కర్లేదు, జోడించుకుంటే చాలన్నాడు. మిగతాదంతా మామూలే. అదే గడప, అంతే సేపు, ఊరందరి ఎదుటా.

ఇన్నాళ్ళూ పెదవి బిగించుకున్న ఇన్నాసికి ఆ తడి గోనె మీద మోకాలు ఆనగానే ఏడుపు ఆగలేదు. చౌరప్ప పేరు పెట్టి పిలుస్తూ పసివాడిలా ఏడ్చాడు.

పూజ మొదలైన కాసేపటికి ముందు వరసలోంచి జోజప్ప లేచాడు. ఎవరివైపూ చూడకుండా వాకిలి వైపు నడిచాడు. అయిపోయింది, పోతున్నాడనుకున్నాడు శౌరి. జోజప్ప గడప దాటాడు, ఇన్నాసిని దాటాడు, మెట్టు దిగాడు. దిగి, అక్కడే ఆగిపోయాడు. ఇటు తిరిగి, ఎండకి వీపు పెట్టి నిలబడ్డాడు. అతని నీడ ఇన్నాసి మీద పడింది. చేతులు కట్టుకుని అలాగే ఉండిపోయాడు.

శౌరికి చదవాల్సిన వాక్యం మీద చూపు నిలవలేదు. చదవడం ఆగిపోయింది.

పక్కనున్న పెద్ద ఫాదరు చిన్నగా అన్నారు. “కానివ్వు నాయనా. బయట ఇద్దరు ఎండలో ఉన్నారు.”