నిరుటి కొమ్మ

మా గురువు శేషాచలయ్యగారు సూటి ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పేవారు కాదు. ఒక ఉదయం తోటలో కలుపు తీస్తూ నా తోటి శిష్యుడు ఓబులేసు అడిగాడు: "అయ్యా, నియమం ఏనాడూ తప్పనివాడికి పశ్చాత్తాపం ఉంటుందా?" పన్నెండేళ్లుగా ఒంటిపూట భోజనం తప్పని మనిషి అతడు. అటువంటి నిష్ఠ నాకూ గౌరవమే. కాని ఆ అడగడంలో కొంత గర్వం ఉంది.

గురువుగారు చేతుల మట్టి దులుపుకుని గట్టుమీద కూర్చున్నారు.

"నేను శిష్యుడుగా వచ్చిన రోజుల్లో ఈ తోట మా గురుపత్ని కామాక్షమ్మగారిది. అప్పుడు ఈ కొండమీద ఎండాకాలంలోనూ తెల్లవారితే కంబళి కావలసివచ్చేది. ఆ చల్లదనం చూసే ఆమె ఊటీ నుంచి హైడ్రాంజియా కొమ్మ తెచ్చి నాటారు. వైశాఖం వస్తే కొమ్మకొక నీలం గుత్తి, తలకాయంత. ఆ ఏడు అమ్మ మంచం పట్టారు. పొద కనబడేలా మంచం కిటికీ దగ్గర వేయించుకున్నారు. 'ఆ పూలు ఇంకొక్కసారి చూసి పోతాను నాయనా' అని తోట నాకు అప్పగించారు.

మార్గశిరంలో గులాబీలకు కత్తెర వెయ్యడం నియమం. వేశాను. పక్కన హైడ్రాంజియా ఆకు రాల్చి ఎండుపుల్లల్లా ఉంది. దానికీ వెయ్యబోతే తోటమాలి మునెప్ప అడ్డొచ్చాడు.

'సామీ, అది గులాబీ కాదు. నిరుటి కొమ్మకే పూస్తాది. కోస్తే వచ్చే వైశాఖానికి ఉత్త ఆకే.'

'నీ బద్ధకానికి శాస్త్రం చెప్పకు మునెప్పా. నియమం అన్నిటికీ ఒకటే.'

'అయితే కొయ్యి సామీ. కత్తెరకు చెప్పి ఏం లాభం.'

మోకాలెత్తున సమంగా కోశాను. వైశాఖం వచ్చింది. పొదనిండా పచ్చటి ఆకు, మొగ్గ ఒక్కటి లేదు. అమ్మ రోజూ తల తిప్పి చూసేవారు. నేను రోజూ నీళ్లు పోసేవాణ్ణి, పోస్తే పూస్తుందన్నట్టు. జ్యేష్ఠంలో ఒక సాయంత్రం పిలిచారు. 'ఆకు ఎంత బాగా వచ్చిందిరా. చక్కగా కోశావు' అన్నారు. నాలుగోనాడు వెళ్లిపోయారు. మరుసటి వైశాఖంలో పొద విరగబూసింది."

ఓబులేసు మెల్లగా, "అమ్మగారు ఒక్క మాటైనా కోప్పడలేదా అయ్యా?" అన్నాడు.

"కోప్పడి ఉంటే," అన్నారు గురువుగారు, "ఈపాటికి మరిచిపోయేవాణ్ణి."