బెల్లం తిన్న ఊసరవెల్లులు

అనగనగా గంధవరం అని ఒక ఊరు. అక్కడి కథ ఇది. చాలా చిన్నది, పొయ్యి మీద పప్పు పొంగేలోపే అయిపోతుంది.

అయితే గంధవరం వాళ్ల సంగతి ఒక ముక్క చెప్పాలి. ఆ ఊరి వైద్యుడు తన దగ్గుకు పొరుగూరి వైద్యుడి దగ్గరికి పోయేవాడు. దొంగల్ని పట్టే తలారి వీధికుక్కకు భయపడి గోడ దూకి ఇల్లు చేరేవాడు. పురాణం చెప్పే శాస్త్రులుగారు తన కథకు తానే ముందు నిద్రపోయేవారు. వినేవాళ్లు మర్యాద తెలిసినవాళ్లు కనుక ఆయన తరువాతే కునికేవారు. ఇలాంటి ఊళ్లో కామిశెట్టి ఒక్కడే బుద్ధిమంతుడని పేరు. పోటీ లేనిచోట పేరు సులువుగానే వస్తుంది.

కామిశెట్టి బెల్లం వర్తకుడు. భార్య పోయింది, పిల్లలు లేరు. చెల్లెలు వెంగమ్మ వండిపెట్టేది. ఒక గాలివానలో చెట్టు కూలితే, దాని కొమ్మల్లో దొరికిన మూడు ఊసరవెల్లి పిల్లల్ని కొమ్మతో సహా ఇంటికి తెచ్చుకున్నాడు. వాటికి పెద్దమ్మి, నడిపి, చిట్టి అని పేర్లు పెట్టాడు. కొట్టు కట్టేసి వచ్చాక ఆయన మాటామంతీ అంతా వాటితోనే.

ఆ ఇంటికి తాతల నాటి నియమం ఒకటుంది. ఆ గడప లోపల ఏ ప్రాణీ మరో ప్రాణిని తినరాదు. పిల్లిని కూడా పాలతోనే పెంచారు. అది భోజనానికి పక్కింటికి వెళ్లేది.

కనుక ఊసరవెల్లులకు ఏమి ఇష్టమో కనిపెట్టాలని కామిశెట్టి పీట వేసుకు కూర్చున్నాడు. బెల్లం పెట్టాడు. పెద్దమ్మి నాలుక చటుక్కున సాగి, బెల్లాన్ని తాకి, వెనక్కి పోయింది. దవడలు ఆడాయి. అరటిపండు పెట్టాడు. నడిపి అలాగే చేసింది. పనసతొన పెట్టాడు. చిట్టి మరీ ఆత్రంగా చేసింది. కామిశెట్టి కళ్లు చెమర్చాయి. మన ఇంటి గాలి సోకితే ఊసరవెల్లి కూడా సాధువైపోతుందని చెల్లెలితో అన్నాడు.

మరి బెల్లం తరగడం లేదేమని వెంగమ్మ అడిగింది. దేవుడు తిన్నా నైవేద్యం తరగదు కదా అన్నాడు.

సంగతి ఊరు దాటింది, రాజుగారి చెవిన పడింది. చూడటానికి వస్తున్నామని ఆయన కబురంపారు. ఇంకేం, ఇల్లంతా అలికారు. వేపాకు పొగ వేశారు. పళ్లేల మీద ఒక్క ఈగ వాలకుండా కామిశెట్టి స్వయంగా విసనకర్ర పట్టాడు. రాజుగారు చాలాసేపు చూశారు. ఊసరవెల్లులు నోరు తెరవలేదు. సిగ్గుపడుతున్నాయి కాబోలని రాజుగారు నవ్వి వెళ్లిపోయారు.

దిష్టి తగిలిందనుకున్నాడు కామిశెట్టి. రోజూ పొగ వేయించాడు. ఇంకా మేలైన బెల్లం తెప్పించాడు. విసనకర్ర దించలేదు. పెద్దమ్మి రంగు వెలిసి, కొమ్మ మీంచి పడి చనిపోయింది. తరువాత నడిపి పోయింది. చిట్టి పక్కటెముకలు తేలాయి.

అప్పుడు వెంగమ్మ ఉండబట్టలేక అంది. "అన్నయ్యా, అవి తిన్నది బెల్లాన్ని కాదు, బెల్లం మీది ఈగల్ని. పొగబెట్టి మనమే వాటి కడుపు మాడ్చాం."

ఆ అనుమానం కామిశెట్టికి కొత్తదేమీ కాదు.

"రాజుగారి దాకా పోయిన మాట వెంగమ్మా. ఇప్పుడు కాదంటే నలుగురిలో ఏమవుతాను?"

ఆ రాత్రి ఆయన పరువు నిలబడింది. చిట్టి మాత్రం కొమ్మ మీద సరిగా నిలబడలేకపోయింది.

తెల్లవారగానే కామిశెట్టి పక్కింటి పశువులకొట్టంలోకి పరుగెత్తి, జన్మలో మొదటిసారి ఒక ఈగను పట్టాడు. రెక్క నలగకుండా తెచ్చి చిట్టి ముందు పెట్టాడు. చిట్టి ఒక కన్ను ఈగ మీదికి తిప్పింది, ఒక కన్ను ఆయన మీదికి తిప్పింది. నాలుక సగం దాకా వచ్చి ఆగిపోయింది. ఇంకాస్త దగ్గరికి జరపబోతే ఈగ కామిశెట్టి వేళ్లు జారి ఎగిరిపోయింది. చిట్టి కొమ్మ మీంచి జారి ఆయన అరచేతిలో పడింది. ఇక కదలలేదు.

ఆయన వీధరుగు మీద నిలబడి, ఏమీ దాచకుండా, జరిగినదంతా ఊరికి చెప్పాడు.

"నేనే చంపాను. నాకు తెలిసి కూడా ఒక రాత్రి ఆగాను," అన్నాడు.

ఊరు కళ్లు తుడుచుకుంది. ఎంత వినయం, ఎంత వినయం అనుకుంది. ఆ జీవాలు ఉపవాసం చేసి ముక్తి పొందాయని శాస్త్రులుగారు తేల్చారు. రాజుగారు వాటికి గుడి కట్టించి, కామిశెట్టిని ధర్మకర్తను చేశారు. వద్దని ఆయన ఎంత మొత్తుకుంటే అంత పేరు వచ్చింది.

చూసి నమ్మాలి గాని, నమ్మింది చూడకూడదు. నిజాన్ని ఆకలి వేళకు పెట్టాలి గాని, కర్మకాండల నాడు కాదు.